కూడబెట్టిన వేగం, విడిచిన వేగం: అంగారకుడి మీదికి రోవర్ ప్రయాణం

మనుషులు ఇంతవరకు కాలు మోపని నేల మీద వారి తరఫున తిరిగి, రాళ్లను పరీక్షించి, చూసినదాన్ని రేడియో సంకేతాలుగా భూమికి పంపే చక్రాల యంత్రాన్ని రోవర్ అంటారు. 1997లో సోజర్నర్, 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ, 2012లో క్యూరియాసిటీ, 2021లో పర్సివరెన్స్, జురోంగ్ అంగారకుడి మీద తిరిగిన రోవర్లు; వీటిలో జురోంగ్ చైనాది, మిగిలిన ఐదూ అమెరికా అంతరిక్ష సంస్థ నాసావి. వీటి ప్రయాణంలో రాకెట్లు, కవచాలు, పారాచూట్లు, రాడార్లు, కంప్యూటర్లు ఎన్ని ఉన్నా, వాటన్నిటి పనినీ ఒకే లెక్క కింద చూడవచ్చు. ఆ లెక్క వేగానికి సంబంధించినది. భూమిని వదలడానికి వేగం కూడబెట్టాలి. అంగారకుడి మీద దిగడానికి ఆ వేగాన్నంతా వదిలించుకోవాలి. కూడబెట్టడానికి భూమి మీద వందల టన్నుల ఇంధనం, వేలమంది మనుషులు, అవసరమైతే ప్రయోగాన్ని మరునాటికి వాయిదా వేసే వెసులుబాటు ఉంటాయి. వదిలించుకోవడానికి మాత్రం ఏడు నిమిషాల సమయం, కొన్ని వందల కిలోల ఇంధనం, మనుషుల సాయం అందని ఒక కంప్యూటర్ మాత్రమే ఉంటాయి. ఈ తేడాను అర్థం చేసుకుంటే రోవర్ ప్రయాణంలోని ప్రతి ఘట్టమూ ఎందుకు అలా రూపొందిందో తేటపడుతుంది.

బయలుదేరే వేళ

భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సగటున 29.8 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుండగా, దాని వెలుపలి కక్ష్యలో ఉన్న అంగారకుడు 24.1 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాడు. భూమి మీద కదలకుండా నిలబడిన వ్యోమనౌకకు సైతం భూమి వేగం పుట్టుకతోనే వచ్చి ఉంటుంది కాబట్టి, భూమి ఆకర్షణ నుంచి బయటపడ్డాక సెకనుకు మరో 3 కిలోమీటర్ల వేగం మిగిలేలా దాన్ని పంపితే చాలు, అది సూర్యుడి చుట్టూ ఒక కొత్త దీర్ఘవృత్తంలో పడుతుంది. ఒక కొస భూకక్ష్యనూ, మరో కొస అంగారకుడి కక్ష్యనూ తాకే ఈ దారిని జర్మన్ ఇంజినీరు వాల్టర్ హోమన్ 1925లో వివరించినందువల్ల దానికి హోమన్ బదిలీ కక్ష్య అనే పేరు వచ్చింది. గ్రహాల మధ్య ప్రయాణానికి దాదాపు అతి తక్కువ ఇంధనం ఖర్చయ్యే దారి ఇదే. ఈ దారిలో అంగారకుడి కక్ష్యను చేరడానికి సుమారు 259 రోజులు పడుతుంది.

నౌక అంగారకుడి కక్ష్యను చేరేసరికి అంగారకుడు కూడా సరిగ్గా అక్కడికి వచ్చి ఉండాలి. ఆ 259 రోజుల్లో అంగారకుడు తన కక్ష్యలో దాదాపు 136 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి, నౌక బయలుదేరే రోజున అతడు భూమి కన్నా దాదాపు 44 డిగ్రీలు ముందు ఉండాలని లెక్క. ఇటువంటి అమరిక 780 రోజులకు, అంటే రమారమి 26 నెలలకు ఒకసారి మాత్రమే వస్తుంది. వచ్చినప్పుడు కొద్ది వారాలపాటు నిలుస్తుంది. 2020 జులైలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వారి హోప్, చైనా వారి తియాన్‌వెన్-1, నాసా వారి పర్సివరెన్స్ ఒకదాని వెనుక ఒకటి బయలుదేరడానికి కారణం పోటీతత్వం కన్నా ముందుగా ఈ ఖగోళ గణితమే. ఈ వేళ తప్పితే ఎంత నష్టమో ఇన్‌సైట్ అనే స్థిర ల్యాండర్ ఉదంతం తెలుపుతుంది. 2016 మార్చిలో వెళ్లవలసిన ఆ నౌకలోని భూకంపమాపకంలో శూన్యాన్ని నిలిపే గూడు కారుతున్నట్టు తేలగా, మరమ్మతు పూర్తయినా గ్రహాల అమరిక కోసం వేచి ఉండి, చివరికి అది 2018 మే 5న బయలుదేరింది.

వేగం కూడబెట్టే పని

రాకెట్ పని నౌకను ఎత్తుకు చేర్చడం అనే అభిప్రాయం సాధారణంగా ఉంటుంది కానీ, ఎత్తు ఆ పనిలో చిన్న భాగం. పెద్ద భాగం వేగం. నిటారుగా ఎగిరి వందల కిలోమీటర్ల ఎత్తుకు చేరిన వస్తువు సైతం తగిన వేగం లేకపోతే తిరిగి కింద పడుతుంది. భూమి ఆకర్షణను పూర్తిగా దాటిపోవడానికి నేల దగ్గర సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం అవసరమవుతుంది. దీన్నే పలాయన వేగం అంటారు. ఈ వేగాన్ని ఇంధనం మండించి సంపాదించాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి మరింత ఇంధనం మండించాలి. అందుకే రాకెట్‌ను అంచెలుగా నిర్మించి, ఖాళీ అయిన ప్రతి అంచెనూ వదిలేస్తూ, మిగిలిన తేలిక భాగాన్ని మాత్రమే ముందుకు తోస్తారు.

2020 జులై 30న అమెరికాలోని కేప్ కెనావెరల్ నుంచి పర్సివరెన్స్‌ను తీసుకుపోయిన అట్లాస్-5 రాకెట్ ప్రయోగ వేదిక మీద దాదాపు 530 టన్నుల బరువు తూగింది. దాని మొదటి అంచెలో కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ మండాయి. దానికి తోడుగా నాలుగు ఘన ఇంధన బూస్టర్లు పక్కల నుంచి తోశాయి. దట్టమైన గాలి దాటాక, నౌకను గాలి ఒత్తిడి నుంచి కాపాడే ముక్కు తొడుగు రెండు చెక్కలుగా విడిపోయింది. ఆ పైన సెంటార్ అనే రెండో అంచె ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్లను మండించి నౌకను మొదట భూమి చుట్టూ తాత్కాలిక కక్ష్యలో నిలిపి, అంగారకుడి వైపు తిరిగే సరైన క్షణం దాకా ఆగి, రెండోసారి మండి దాన్ని భూమి పట్టు నుంచి విడిపించింది. ప్రయోగం మొదలైన గంటలోపే ఈ పనంతా ముగిసింది. 530 టన్నుల బరువుతో మొదలైన ప్రయాణంలో అంగారకుడి నేలను చేరిన రోవర్ బరువు 1,025 కిలోలు మాత్రమే, అంటే దాదాపు ఐదువందల పాళ్లలో ఒక పాలు.

అంత శక్తిమంతమైన రాకెట్ లేకపోయినా అంగారకుణ్ణి చేరవచ్చని ఆంధ్రప్రదేశ్‌లో పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న బయలుదేరిన మంగళయాన్ నిరూపించింది. దాన్ని మోసిన రాకెట్ పీఎస్‌ఎల్‌వీకి 1,337 కిలోల ఆ నౌకను నేరుగా భూమి ఆకర్షణ దాటించే బలం లేదు. అందువల్ల భారత అంతరిక్ష సంస్థ ఇస్రో ఇంజినీర్లు నౌకను ముందు భూమి చుట్టూ దీర్ఘవృత్త కక్ష్యలో ఉంచి, అది భూమికి అతి దగ్గరగా వచ్చి అతి వేగంగా పోతున్న ప్రతిసారీ సొంత ఇంజిన్‌ను కొంతసేపు మండించి, కక్ష్యను అంచెలంచెలుగా సాగదీసి, డిసెంబర్ 1న చివరి తోపుతో అంగారకుడి దారి పట్టించారు. వేగంగా పోతున్నప్పుడు మండించిన ఇంధనం నౌకకు ఎక్కువ శక్తిని చేరుస్తుందన్న భౌతిక నియమమే ఈ పద్ధతికి ఆధారం. 2014 సెప్టెంబర్ 24న మంగళయాన్ అంగారక కక్ష్యలో ప్రవేశించింది. అది కక్ష్యలో తిరిగే నౌకే గాని నేల మీద దిగే నౌక కాదు. అయినా బలం చాలని చోట ఓపికతో వేగాన్ని కూడబెట్టే విద్యకు అది చక్కని ఉదాహరణ.

దారి పొడవునా సవరణలు

హోమన్ దారి కన్నా తక్కువ కాలం పట్టే దారిలో సాగిన పర్సివరెన్స్ 203 రోజుల్లో సుమారు 47 కోట్ల కిలోమీటర్ల వంపుదారి నడిచింది. ఈ కాలమంతా రోవర్ తన చక్రాలను మడుచుకొని, రెండు గిన్నెలను బోర్లించి కలిపినట్టున్న 4.5 మీటర్ల వ్యాసం గల తొడుగులో ఒదిగి ఉంది. సౌరపలకలు, యాంటెన్నాలు, చిన్న థ్రస్టర్లు గల ప్రయాణ దశ ఆ తొడుగు మీద బిగించి ఉండి, దానికి విద్యుత్తునూ దిశనూ అందించింది. బొంగరం తిరుగుతూ నిలకడగా నిలిచినట్టు, నౌక మొత్తం నిమిషానికి రెండు చుట్లు తిరుగుతూ తన ముఖాన్ని ఒకే దిక్కుకు నిలుపుకుంది. కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్, స్పెయిన్‌లోని మాడ్రిడ్, ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా దగ్గర ఉన్న భారీ యాంటెన్నాలు భూమి ఎటు తిరిగినా ఏదో ఒకటి నౌకను చూస్తూ ఉండేలా అమరినవి. నౌక సంకేతం చేరడానికి పట్టే కాలాన్ని బట్టి దూరాన్నీ, సంకేతపు పౌనఃపున్యంలో వచ్చే మార్పును బట్టి వేగాన్నీ కొలిచి, దారి తప్పిన మేరకు థ్రస్టర్లతో సవరిస్తారు.

ఇటువంటి నౌకలను భూమి నుంచి వదిలేటప్పుడు కావాలనే గురిని అంగారకుడికి కాస్త పక్కగా పెడతారు. నౌకతోపాటు అదే దారిలో సాగే రాకెట్ చివరి అంచెను నౌకంత శుభ్రంగా తయారుచేయరు. దాని మీద భూమికి చెందిన సూక్ష్మజీవులు ఉండవచ్చు. అది అంగారకుడి మీద పడకుండా తప్పుకుపోయేలా మొదటి గురి పెట్టి, నౌకను మాత్రం తర్వాతి సవరణలతో అంగారకుడి వైపు మళ్లిస్తారు. జీవం జాడ వెతకడానికి వెళ్లిన యంత్రం తాను మోసుకుపోయిన జీవాన్నే అక్కడ కనుగొంటే ఆ పరిశోధనకు విలువ ఉండదు. అందుకే రోవర్‌ను వడపోసిన గాలి గల గదుల్లో నిర్మించి, విడిభాగాలను ఆల్కహాల్‌తో తుడిచి, వేడికి తట్టుకునే వాటిని 110 డిగ్రీలకు మించిన ఉష్ణోగ్రతలో ఉంచి శుద్ధి చేస్తారు.

ఉండీ లేనట్టున్న గాలి

ఇక దిగే ఘట్టం. హోమన్ దారిలో సూర్యుడికి దూరంగా ఎక్కుతూ పోయిన నౌక, పైకి విసిరిన రాయిలాగా క్రమంగా వేగం కోల్పోయి, అంగారకుడి కక్ష్యను చేరేసరికి సెకనుకు 21.5 కిలోమీటర్లకు తగ్గుతుంది. అంగారకుడి వేగం 24.1 కిలోమీటర్లు కాబట్టి, నౌక వెళ్లి గ్రహాన్ని అందుకోవడానికి బదులు గ్రహమే వెనుక నుంచి వచ్చి నౌకను అందుకుంటుంది. ఈ రెండు వేగాల తేడా 2.6 కిలోమీటర్లు మాత్రమే అయినా, దగ్గరకు వచ్చిన నౌకను అంగారకుడి ఆకర్షణ గుంజడం మొదలుపెట్టాక ఆ వేగం రెట్టింపు దాటుతుంది. పర్సివరెన్స్ గాలి పై అంచును తాకినప్పటి వేగం గంటకు దాదాపు 19,500 కిలోమీటర్లు, అంటే సెకనుకు 5.4 కిలోమీటర్లు. రాకెట్ ఇచ్చిన వేగం కన్నా గమ్యం తనంతట తాను తెచ్చిపెట్టిన వేగమే ఇందులో ఎక్కువ.

ఈ వేగాన్నంతా ఇంజిన్లతోనే తగ్గించాలంటే, దిగే బరువుకు దాదాపు పది రెట్ల ఇంధనాన్ని భూమి నుంచి మోసుకుపోవలసి వస్తుంది. అది సాధ్యం కాదు కాబట్టి అంగారకుడి గాలినే అడ్డుపెట్టుకోవాలి. అయితే ఆ గాలి చాలా పల్చన. నేల దగ్గర దాని ఒత్తిడి భూమి మీది ఒత్తిడిలో ఒక శాతం కూడా ఉండదు. దూసుకువచ్చే నౌకను కాల్చివేయడానికి ఆ గాలి సరిపోతుంది గాని, దాన్ని మెల్లగా నేలకు దించడానికి సరిపోదు. భూమి మీద వ్యోమగాముల గుళిక పారాచూట్లతోనే సముద్రంలో సురక్షితంగా పడగలదు. గాలి బొత్తిగా లేని చంద్రుడి మీద కవచమూ పారాచూటూ పనికిరావు కాబట్టి ఇంజిన్ ఒక్కటే దిక్కు. అంగారకుడి మీద మాత్రం కవచం, పారాచూట్, ఇంజిన్ మూడూ కావాలి, ఒక్కొక్కటి తన వంతు పూర్తికాగానే పక్కకు తప్పుకొని తర్వాతి దానికి చోటివ్వాలి. ప్రమాదమంతా ఈ అప్పగింతల్లోనే దాగి ఉంటుంది.

దీనికి తోడు దూరం మరో అడ్డంకి. పర్సివరెన్స్ దిగిన 2021 ఫిబ్రవరి 18న అంగారకుడు భూమికి 20 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నందువల్ల, కాంతి వేగంతో సాగే రేడియో సంకేతం చేరడానికి 11 నిమిషాల 22 సెకన్లు పట్టింది. గాలిలో ప్రవేశించింది మొదలు నేలను తాకేదాకా పట్టేది ఏడు నిమిషాలే కాబట్టి, ప్రవేశించినట్టు భూమికి కబురు అందేసరికే నౌక క్షేమంగానో, ముక్కలుగానో నేల మీద ఉంటుంది. మార్గదర్శన, నియంత్రణ కార్యకలాపాలకు నాయకత్వం వహించిన భారత సంతతి ఇంజినీరు స్వాతి మోహన్ రోవర్ నేలను తాకినట్టు ప్రకటించేటప్పటికి అది తాకి 11 నిమిషాలు దాటింది. ఆ ఏడు నిమిషాల్లో తీసుకోవలసిన ప్రతి నిర్ణయాన్నీ మనుషులు సంవత్సరాల ముందే ఆలోచించి కంప్యూటర్‌కు అప్పగించి ఉండాలి.

నిప్పుల్లో కరిగే వేగం

ప్రవేశానికి పది నిమిషాల ముందు ప్రయాణ దశ విడిపోయింది. దాదాపు 130 కిలోమీటర్ల ఎత్తులో గాలి మొదలయ్యాక, నౌక ముందున్న గాలి పక్కకు తొలగే వ్యవధి లేక ఒక్కసారిగా నలిగి భగ్గుమంది. ఇక్కడ వేడి పుట్టేది ప్రధానంగా రాపిడి వల్ల కాదు, గాలి అలా అణిగిపోవడం వల్ల. నౌక ముక్కు సూదిగా ఉంటే ఆ వేడి గాలి దాని ఒంటికి అంటుకుంటుంది. మొద్దుగా ఉంటే నలిగిన గాలి ఒక ఆఘాత తరంగంగా ముందుకు నెట్టబడి, వేడిలో అధిక భాగం గాలిలోనే ఉండిపోతుంది. 1950ల తొలినాళ్లలో అమెరికా శాస్త్రవేత్త జూలియన్ అలెన్ కనుగొన్న ఈ సూత్రం వల్లనే ప్రవేశ తొడుగులన్నీ మొద్దు ముఖంతో ఉంటాయి. మిగిలిన వేడిని ఉష్ణకవచం భరిస్తుంది. కార్బన్ పీచులో రెసిన్‌ను నింపి చేసిన దాని పెంకులు పైపొర మేర మాడి, ఆవిరై, ఆ వేడిని తమతోపాటు తీసుకుపోతాయి. ప్రవేశించిన సుమారు 80 సెకన్లకు కవచం వెలుపలి ముఖం దాదాపు 1,300 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది.

ఈ దశలో నౌక రాయిలా పడిపోదు. దాని బరువును కావాలనే ఒక పక్కకు ఉంచడం వల్ల అది గాలిలో కొంచెం వాలుగా సాగుతూ, ఆ వాలు మూలంగా కొద్దిపాటి ఎత్తుబలాన్ని పొందుతుంది. చిన్న థ్రస్టర్లతో ఆ వాలును కుడికీ ఎడమకూ తిప్పుకుంటూ, గాలి సాంద్రతలో ఎదురయ్యే హెచ్చుతగ్గులను సరిదిద్దుకుంటూ నౌక గురివైపు సాగుతుంది. నాలుగు నిమిషాలు గడిచేసరికి వేగం గంటకు 19,500 కిలోమీటర్ల నుంచి సుమారు 1,500 కిలోమీటర్లకు పడిపోతుంది. వేగం పదమూడో వంతు అయిందన్నమాట. గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, శక్తిలో మిగిలింది 169 పాళ్లలో ఒక పాలే. తక్కిన 168 పాళ్లనూ ఉష్ణకవచమూ గాలీ కలిసి హరించాయి. చూపరులను ఆకట్టుకునే ఘట్టాలు తర్వాత వచ్చినా, బరువైన పని ఇక్కడే జరిగిపోతుంది.

పారాచూట్, దాని పరిమితి

దాదాపు 11 కిలోమీటర్ల ఎత్తులో, ధ్వని కన్నా వేగంగా పోతుండగానే, 21.5 మీటర్ల వ్యాసం గల పారాచూట్ వెనుక నుంచి బయటికి వెలువడి అరసెకను ప్రాంతంలో విచ్చుకుంటుంది. ఆ క్షణాన దాని గుడ్డ మీదా తాళ్ల మీదా పడే లాగుడు అపారం. అందువల్ల 2017, 2018 సంవత్సరాల్లో నాసా వర్జీనియా తీరం నుంచి చిన్న రాకెట్లతో ఇటువంటి పారాచూట్లను భూమి పై వాతావరణంలోకి పంపి, గాలి అంగారకుడి మీద ఉన్నంత పల్చగా ఉండే ఎత్తులో ధ్వనిని మించిన వేగంతో విప్పి పరీక్షించింది. పారాచూట్ విచ్చుకున్న 20 సెకన్లకు ఉష్ణకవచం ఊడి కింద పడిపోతుంది. అంతవరకు కళ్లు మూసుకున్నట్టున్న రాడారూ కెమెరాలూ మొదటిసారి నేలను చూస్తాయి.

పారాచూట్ ఎంత పెద్దదైనా అంగారకుడి పల్చని గాలిలో నౌకను గంటకు 320 కిలోమీటర్ల కన్నా బాగా తగ్గించలేదు. ఆ వేగంతో నేలను తాకితే మిగిలేది లోహపు తునకలే. అందుకే సుమారు 2 కిలోమీటర్ల ఎత్తులో నౌక పారాచూట్‌నూ వెనుక తొడుగునూ వదిలేసి స్వేచ్ఛగా పడటం మొదలుపెడుతుంది. మరుక్షణమే ఎనిమిది ఇంజిన్లు మండాలి. పారాచూట్ మీద పడకుండా ఉండటానికి నౌక ముందు పక్కకు జరిగి, ఆ తర్వాత కిందికి దిగాలి.

చివరి మీటర్లకు నాలుగు జవాబులు

నేలకు కొన్ని మీటర్ల ఎత్తున మిగిలిన కొద్ది వేగాన్ని ఎలా తీసివేయాలన్నది వేర్వేరు కాలాల్లో వేర్వేరుగా తీర్చిన సమస్య. 1976లో వైకింగ్ ల్యాండర్లు ఇంజిన్లు మండిస్తూ మూడు కాళ్ల మీద దిగాయి. అవి కదలని యంత్రాలు కాబట్టి ఆ పద్ధతి సరిపోయింది. సోజర్నర్‌ను మోసిన పాత్‌ఫైండర్ 1997 జులై 4న గాలి సంచులను చుట్టుకొని దిగింది. నేలకు దగ్గరలో రాకెట్లు వేగాన్ని చాలావరకు తగ్గించగా, తాడు తెంచుకొని పడిన ఆ సంచుల గుత్తి కనీసం 15 సార్లు ఎగిరెగిరి పడి, దొర్లి నిలిచింది. ఆపైన సంచుల్లోని గాలి వదిలి, ల్యాండర్ రేకులు పువ్వులా విచ్చుకోగా, 10 కిలోలకు కాస్త ఎక్కువ బరువున్న రోవర్ బయటికి వచ్చింది. 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ కూడా ఇలాగే దిగాయి. స్పిరిట్ విషయంలో గాలి పూర్తిగా పోని సంచి దారికి అడ్డుగా ఉండటంతో, రోవర్‌ను తానున్న చోటనే మరో పక్కకు తిప్పి జనవరి 15న నేల మీదికి దింపారు. అది అంగారకుణ్ణి చేరింది జనవరి 4న.

రోవర్ బరువు టన్నుకు చేరువయ్యేసరికి గాలి సంచులు చేతులెత్తేశాయి. బరువు పెరిగేకొద్దీ దెబ్బను ఓర్చే సంచులు అంతకంటే వేగంగా బరువెక్కిపోతాయి. కాళ్ల ల్యాండర్ నెత్తిన రోవర్‌ను కూర్చోబెడితే, ఎత్తున బరువు చేరి రాళ్ల మీద ఒరిగిపోయే భయం ఉంటుంది. నేలకు దగ్గరగా మండే ఇంజిన్లు దుమ్మునూ రాళ్లనూ ఎగజిమ్మి గుంటలు తవ్వుతాయి. పైగా టన్ను బరువున్న రోవర్ ఏటవాలు పలకల మీదుగా దిగాలి. క్యూరియాసిటీ కోసం ఇంజినీర్లు ఈ అమరికను తలకిందులు చేసి, ఇంజిన్లను పైన ఉంచి రోవర్‌ను కింద వేలాడదీశారు. దీనికి స్కై క్రేన్ అని పేరు.

నేలకు సుమారు 20 మీటర్ల ఎత్తున అవరోహణ దశ, అంటే ఇంజిన్లు గల పై భాగం, నడిచే మనిషి వేగం కన్నా తక్కువగా, సెకనుకు 0.75 మీటర్ల చొప్పున దిగుతూ రోవర్‌ను నైలాన్ తాళ్లతో కిందికి వదులుతుంది. పర్సివరెన్స్ తాళ్ల పొడవు 6.4 మీటర్లు. దిగే దారిలోనే రోవర్ తన కాళ్లూ చక్రాలూ చాచుకుంటుంది. చక్రాలు నేలను తాకగానే రోవర్ బరువును నేల భరించడం వల్ల తాళ్ల మీద లాగుడు తగ్గి, పైనున్న ఇంజిన్లకు అంత బలంగా తోయవలసిన అవసరం ఉండదు. ఇంజిన్ల తోపు తగ్గి అలాగే నిలకడగా ఉందని గమనించడమే నేల తగిలిందనడానికి గుర్తు. వెంటనే తాళ్లు తెగుతాయి, అవరోహణ దశ మిగిలిన ఇంధనంతో దూరంగా ఎగిరిపోయి ఎక్కడో పడిపోతుంది. రోవర్ తన చక్రాల మీదే దిగింది కాబట్టి, పలకలూ రేకులూ సంచులూ లేకుండా ఉన్నచోటి నుంచే నడక మొదలుపెట్టగలదు.

నాలుగో జవాబు చైనాది. తియాన్‌వెన్-1 నేరుగా దూసుకురాకుండా 2021 ఫిబ్రవరిలో ముందు అంగారక కక్ష్యలో చేరి, మూడు నెలలు దిగే చోటును పరిశీలించింది. చైనా కాలమానం ప్రకారం మే 15న దాని ల్యాండర్ కవచం, పారాచూట్, ఇంజిన్ల వరుసలోనే దిగుతూ, నేలకు దాదాపు 100 మీటర్ల ఎత్తున గాలిలో ఆగి, అడ్డంకులు లేని చోటు చూసుకొని కాళ్ల మీద నిలిచింది. వారం తర్వాత 240 కిలోల జురోంగ్ పలకల మీదుగా నేలకు దిగింది.

నేలను గుర్తుపట్టే నౌక

దిగడం ఎంత ముఖ్యమో ఎక్కడ దిగడం అన్నదీ అంతే ముఖ్యం. లెక్కల్లోని అనిశ్చితులన్నీ కలుపుకొని నౌక ఎక్కడ పడవచ్చో సూచించే ప్రాంతాన్ని దిగుడు దీర్ఘవృత్తం అంటారు. క్యూరియాసిటీకి అది 20 కిలోమీటర్ల పొడవు, 7 కిలోమీటర్ల వెడల్పు ఉండగా, పర్సివరెన్స్‌కు 7.7 కిలోమీటర్ల పొడవు, 6.6 కిలోమీటర్ల వెడల్పుకు తగ్గింది. పారాచూట్‌ను వేగాన్ని బట్టి కాకుండా గమ్యానికి మిగిలిన దూరాన్ని బట్టి తెరవడం ఈ మెరుగుదలకు ముఖ్య కారణం.

అయినా పర్సివరెన్స్ దిగవలసిన జెజెరో బిలం సాధారణమైన చోటు కాదు. వందల కోట్ల సంవత్సరాల కిందట నది ఒకటి వచ్చి కలిసిన సరస్సు అది. ఆ నది మేట వేసిన డెల్టా ఈనాటికీ అక్కడ కనబడుతుంది. ప్రాచీన జీవం ఉండి ఉంటే దాని ఆనవాళ్లు దొరకడానికి అనువైన ఆ చోటులోనే కొండచరియలు, ఇసుక తిన్నెలు, బండరాళ్లు కూడా ఉన్నాయి. శాస్త్రజ్ఞులకు ఆసక్తి కలిగించే నేల ఇంజినీర్లకు భయం కలిగించే నేలగా ఉండటం ఈ రంగంలో తరచూ ఎదురయ్యే చిక్కు. దీన్ని తీర్చడానికి నౌకకు చూపు ఇచ్చారు. కక్ష్యలో తిరిగే నౌక తీసిన చిత్రాలతో సిద్ధం చేసిన పటాన్ని ముందే దాని జ్ఞాపకంలో భద్రపరిచారు. పారాచూట్ మీద దిగుతుండగా నౌక కింది నేలను వరుసగా ఫొటోలు తీసి, బిలాల అంచులనూ రాళ్ల గుంపులనూ పటంతో పోల్చి, తానెక్కడ ఉన్నదీ కొన్ని పదుల మీటర్ల తేడాతో తెలుసుకుంది. ఆ తర్వాత తనకు అందుబాటులో ఉన్న మేర అన్నిటికన్నా క్షేమమైన చోటును ఎంచుకొని అటు మళ్లింది. ఈ చూపు లేకపోతే జెజెరోను గమ్యంగా ఎంచుకునే సాహసం సాధ్యమయ్యేది కాదు.

ఓటములు నేర్పినవి

ఈ విద్య అంతా పాఠాలు నేర్చుకుంటూ వచ్చినదే. 1999 డిసెంబర్ 3న నాసా వారి మార్స్ పోలార్ ల్యాండర్ మూగబోయింది. దర్యాప్తులో తేలిన ప్రకారం, గాలిలో ఉండగా కాళ్లు చాచుకున్నప్పటి కుదుపునే కంప్యూటర్ నేల తగిలినట్టుగా భావించి, 40 మీటర్ల ఎత్తున ఇంజిన్లను ఆపివేసి ఉండవచ్చు. 2016 అక్టోబర్ 19న ఐరోపా అంతరిక్ష సంస్థ వారి షియాపరెల్లీ పారాచూట్ విచ్చుకున్నప్పుడు బలంగా ఊగడంతో, దాని కదలికను కొలిచే పరికరం ఒక సెకను పాటు హద్దు దాటిన విలువ చూపింది. ఆ విలువతో లెక్క వేసిన కంప్యూటర్ తాను అప్పటికే నేల కింద ఉన్నట్టు నిర్ణయించుకొని, పారాచూట్‌ను విడిచి, ఇంజిన్లను కొద్ది సెకన్లకే ఆపింది. నౌక దాదాపు 3.7 కిలోమీటర్ల ఎత్తు నుంచి పడిపోయింది. ఈ రెండు సందర్భాల్లోనూ యంత్రం విరగలేదు, ఇంధనం అయిపోలేదు. ఒక కొలతను మరోలా అర్థం చేసుకోవడమే ప్రమాదం తెచ్చింది.

గ్రహం కాకపోయినా చంద్రుడి మీది అనుభవం ఇక్కడ ప్రస్తావనార్హం. 2019 సెప్టెంబర్ 7న చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ ఆఖరి ఘట్టంలో అదుపు తప్పి కూలింది. ఇంజిన్ల తోపు అనుకున్నదానికన్నా ఎక్కువ కావడం, తప్పులను సరిదిద్దుకునేంత వేగంగా తిరిగే వీలు సాఫ్ట్‌వేర్ ఇవ్వకపోవడం, దిగవలసిన చోటు అర కిలోమీటరు చదరానికే పరిమితం కావడం కలిసి ఆ ఫలితాన్ని తెచ్చాయని ఇస్రో విశ్లేషించింది. చంద్రయాన్-3 రూపకల్పనలో ఏవేవి సరిగ్గా పనిచేయాలి అన్న ప్రశ్న కన్నా ఏవేవి విఫలం కావచ్చు అన్న ప్రశ్నకు పెద్దపీట వేశారు. దిగే ప్రాంతాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు; కాళ్లను దృఢపరిచారు; ఇంధనాన్ని పెంచారు; నేలతో పోల్చి వేగాన్ని సూటిగా కొలిచే లేజర్ పరికరాన్ని చేర్చారు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ నౌక ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు, 30 కిలోమీటర్ల ఎత్తున గంటకు దాదాపు 6,000 కిలోమీటర్లుగా ఉన్న వేగాన్ని ఇంజిన్లతోనే పంతొమ్మిది నిమిషాల్లో అణచి, చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. గాలి సాయం లేనందువల్ల, ఈసారి కూడా విక్రమ్ అనే పేరే ఉన్న ఆ ల్యాండర్ బయలుదేరినప్పటి బరువులో దాదాపు సగం ఇంధనమే. అది మోసుకుపోయిన ప్రజ్ఞాన్ రోవర్ బరువు 26 కిలోలు. గాలి ఎంత విలువైన బ్రేకో ఈ పోలిక వల్ల తెలుస్తుంది.

అంగారకుడి మీద ఇంతవరకు దిగిన అతి బరువైన వస్తువు పర్సివరెన్సే. మనుషులు దిగాలంటే పదుల టన్నుల బరువును దించాలి. అంత బరువుకు తగిన కవచం రాకెట్ ముక్కు తొడుగులో పట్టదు, అంత పెద్ద పారాచూట్ తనను తాను విప్పుకోలేదు. మడిచి తీసుకుపోయి అంతరిక్షంలో ఊదుకునే ఉష్ణకవచాన్ని నాసా 2022 నవంబర్‌లో భూమి వాతావరణంలో పరీక్షించింది. 6 మీటర్ల వ్యాసం గల ఆ కవచం క్షేమంగా సముద్రాన్ని చేరింది. ధ్వనిని మించిన వేగంలోనే ఇంజిన్లు మండించి దిగే పద్ధతుల మీదా పరిశోధన సాగుతోంది. ఈ ప్రయత్నాలన్నిటి వెనుకా ఉన్నది అదే పాత లెక్క: ఎంత బరువు, ఎంత వేగం, దాన్ని వదిలించుకోవడానికి ఎంత గాలి.

నేలను చేరిన పర్సివరెన్స్ గరిష్ఠ వేగం సెకనుకు 4.2 సెంటీమీటర్లు, అంటే గంటకు దాదాపు 150 మీటర్లు; పాకే పసిబిడ్డ కూడా దానికన్నా ముందు పోతుంది. 530 టన్నుల రాకెట్ కూడబెట్టిన వేగం, అంగారకుడి ఆకర్షణ జోడించిన వేగం అంతా నిప్పుగా, గాలిగా, పొగగా విడిచిపెట్టిన తర్వాత మిగిలింది ఈ నిదానమే. ఆ యంత్రం 47 కోట్ల కిలోమీటర్లు ప్రయాణించింది ఈ నిదానం కోసమే. ఎండిపోయిన ఆ సరస్సు గట్టున ఒక్కొక్క రాయి దగ్గరా ఆగి, దాన్ని తొలిచి, పొడిని పరీక్షించి, అక్కడ ఎప్పుడైనా జీవం ఉండేదా అని అడగాలంటే తొందరపడని అడుగే కావాలి.